హెడ్‌సెట్ మారిస్తే స్క్వాడ్‌లో గోల తగ్గుతుందా?

ముందు ప్రశ్న ఏంటో చెప్తాను, కొత్తగా చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. వైజాగ్ మధురవాడలో బీటెక్ చదివే తమ్ముడొకరు అడిగారు. నలుగురు ఫ్రెండ్స్, ఇద్దరు హాస్టల్లో, ఇద్దరు ఇంటి దగ్గర. రాత్రిళ్ళు ఫోన్లో బీజీఎంఐ, శని ఆదివారాలు ఇంకొకణ్ణి కలుపుకుని కంప్యూటర్ మీద వాలరెంట్, రెండూ జట్టుగా ఆడే తుపాకుల ఆటలే. ఫైట్ మొదలైందంటే అందరూ ఒకేసారి అరవడమే. ఎవరేమన్నారో ఎవరికీ తెలీదు. విసుగొచ్చి మైకులు ఆపేసి ఆడితే ఇంకా త్వరగా చస్తున్నారట. తలా ఆరు వేలు పెట్టి మంచి హెడ్‌సెట్లు కొంటే బాగుపడుతుందా అని.

బాగుపడదు. ఇప్పుడు గరగరమంటూ వినిపించే అరుపులు అప్పుడు శుభ్రంగా వినిపిస్తాయి, అంతే తేడా. మీ ఇబ్బంది మైకులో లేదు, మాటలో ఉంది. ఏ ముక్క ముందు చెప్పాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్న రెండూ కుదిరితే రెండొందల రూపాయల వైరు ఇయర్‌ఫోన్స్‌తో కూడా హాయిగా ఆడొచ్చు. మైక్ ఆపేయడం మాత్రం పరిష్కారం కాదు. అది మీరే చూశారు కదా.

నా గురించి రెండు ముక్కలు. డాబాగార్డెన్స్ వైపు నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడిన బ్యాచ్ నేను. అప్పట్లో మా వాయిస్ చాట్ అంటే పక్క సిస్టమ్ వాడి భుజం మీద ఒకటి ఇవ్వడమే. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్ మీద నిషేధం పడ్డాక మావాళ్ళు వాలరెంట్‌కి దూకారు. 2021 జులైలో దాని ఇండియా రూపం బీజీఎంఐ వచ్చాక సగం మంది మళ్ళీ ఫోన్లకి తిరిగొచ్చేశారు. ఇప్పుడు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళయిన గాజువాక కుర్రాళ్ళతో ఆడుతుంటాను. చేతి వేగంలో వాళ్ళ దరిదాపుల్లోకి కూడా పోలేను. నన్ను ఉంచుకున్నది నోటి కోసమే.

ఆ నోరు ఆటలో నేర్చింది కాదు. ఏడేళ్ళు హార్బర్‌లో లిఫ్టింగ్ పనుల దగ్గర వాకీటాకీ పట్టుకుని నిలబడ్డాను. క్రేన్ ఆపరేటర్ ఎక్కడో పైన క్యాబిన్‌లో కూర్చుంటాడు. ఓడ హోల్డ్ (సరుకు ఉండే అడుగు గది) లోపల ఏం జరుగుతోందో అతనికి కనబడదు. కింద నిలబడ్డ నా గొంతే అతని కన్ను. అక్కడ కళాసీలు వాడే మాటలు ముఖ్యంగా రెండు. ‘హాబేస్’ అంటే ఎత్తు, ‘ఆరియా’ అంటే దించు. సముద్రపు గాలి, ఇంజిన్ హోరు, గొలుసుల చప్పుడు ఎంతున్నా ఒకదాన్ని ఇంకోదానిగా పొరబడే వీలే లేదు. అదే ‘ఎత్తు’, ‘ఎత్తకు’ అని పెట్టుకుని ఉంటే ఈపాటికి ఎందరి కాళ్ళు పోయుండేవో!

మీ స్క్వాడ్‌లో జరుగుతున్నది సరిగ్గా ఆ ‘ఎత్తు, ఎత్తకు’ వ్యవహారమే.

తెలుగులో అసలు సంగతి మాట తోకలో ఉంటుంది. వెళ్ళు, వెళ్ళకు. పడ్డాను, పడ్డాడు. ఉన్నాడు, ఉన్నాడా. ముందు భాగమంతా ఒకటే, బతకడమో చావడమో తేల్చేది చివరి అక్షరం. మనం చేసేదేంటంటే కంగారులో ఆ చివరి అక్షరం నోటి నుంచి రాకముందే మైక్ బటన్ మీద వేలు తీసేస్తాం. మా వాడొకడు బీజీఎంఐ మ్యాప్‌లోని పోచింకి ఊళ్ళో రోడ్డు దాటబోతుంటే నేను ‘వెళ్ళకు’ అన్నాను. వాడికి వినపడింది ‘వెళ్ళ’. ‘వెళ్ళమన్నావు కదా అన్నా’ అని రోడ్డు మధ్యలో పడిపోయి మరీ నన్ను అడిగాడు. తప్పు వాడిది కాదు, నా బొటనవేలిది.

దీనికి రెండు మందులు. డిస్కార్డ్ అనే వాయిస్ చాట్ యాప్‌లో పుష్ టు టాక్ (బటన్ నొక్కితేనే మైక్ తెరుచుకునే పద్ధతి) వాడేవాళ్ళకి రిలీజ్ డిలే అని ఒక స్లయిడర్ ఉంటుంది. బటన్ వదిలాక మైక్ ఇంకెంతసేపు తెరిచి ఉండాలో అది చెప్తుంది. దాన్ని 200 నుంచి 300 మిల్లీసెకన్ల మధ్య పెట్టండి, తోకలు తెగవు. బటన్ నొక్కగానే కూడా రెప్పపాటు ఆగి మాట్లాడండి, లేకపోతే మొదటి అక్షరం పోతుంది. వాకీటాకీ మొదటిసారి చేతికిచ్చినప్పుడు మా మేస్త్రీ నేర్పింది ఇదే: ‘నొక్కు, గుటక మింగు, అప్పుడు మాట్లాడు.’

రెండో మందు ఇంకా మంచిది. ‘కు’, ‘వద్దు’, ‘లేదు’ అన్నవాటిని ఫైట్ వేళ వాడకండి. ‘వెళ్ళకు’ బదులు ‘ఆగు’. ‘బయటికి రాకు’ బదులు ‘కవర్’. ‘వాళ్ళని ఇప్పుడు కొట్టకు’ బదులు ‘హోల్డ్’. ఇంగ్లిషా తెలుగా అన్న పట్టింపు నాకు లేదు. సగం తెగినా ఇంకో అర్థం రాకూడదు, అదొక్కటే చూసుకోండి. ఇలాంటివి ఓ ఏడెనిమిది మాటలు నలుగురూ కూర్చుని ఖాయం చేసుకుంటే చాలు. యాభై మాటల నిఘంటువు తయారుచేసిన ఒక స్క్వాడ్‌ని చూశాను, ఫైట్‌లో వాళ్ళకి గుర్తొచ్చింది మాత్రం ‘రేయ్’ ఒక్కటే.

ఇంకో గోల ‘వాడు’. ‘వాడు పడ్డాడు, వాడు పడ్డాడు’ అని మీలో ఒకడు అరుస్తాడు. పడింది ఎనిమీనా, మనవాడా? ఎనిమీ అనుకుని ఇద్దరు రష్ కొడతారు. తీరా చూస్తే పడింది మీ స్నైపర్. మా దగ్గర పద్ధతి ఇది: మనవాళ్ళని పేరుతోనే అనాలి, ‘వాడు’ అన్న మాట ఎనిమీకి తప్ప ఎవరికీ వాడకూడదు. ఎనిమీ పడితే ‘నాక్’, మనం పడితే ‘డౌన్’. పేర్లు కూడా రెండక్షరాల్లో ఉండాలి. ఆటలో ఐడీ ఎంత స్టైల్‌గా పెట్టుకున్నా సరే, పిలవడానికి మాత్రం చిన్నా, బుజ్జి, నాని, అంతే.

మన దగ్గర మర్యాద కూడా ఒక అడ్డమే, నవ్వకండి. నా స్క్వాడ్‌లో కుర్రాళ్ళకి నేను అన్నని. నా వెనక ఎవడైనా వస్తే వాళ్ళు చెప్పే తీరు ఇలా ఉండేది: ‘అన్నా అన్నా అన్నా అన్నా వెనక!’ నాలుగో అన్నకి నేను చచ్చి లాబీలో ఉండేవాణ్ణి. ‘ముందు వెనక అనండ్రా, బతికుంటే తర్వాత అన్నా అందురు గాని’ అని చెప్పుకున్నాను. ఇప్పుడు ‘వెనక అన్నా’ అంటున్నారు. మర్యాదకి మర్యాదా దక్కింది, ప్రాణమూ దక్కింది.

దిక్కు ముందు, కథ తర్వాత. మామూలుగా మనం చెప్పే వరస చూడండి. ‘రేయ్ అక్కడ ఆ ఎర్ర ఇల్లుంది కదా, దాని పక్కన చెట్టు దగ్గర ఒకడు కూర్చున్నాడు చూడు.’ వినేవాడి తుపాకీ ఎటు తిరగాలో తెలిసేసరికి మాట సగం దాటిపోయింది. తెలుగులో మాటల వరస మన చేతిలోనే ఉంది, అటూ ఇటూ మార్చినా అర్థం చెడదు. ఆ సుఖాన్ని వాడుకోండి. ‘210, చెట్టు, ఒకడు.’ మొదటి ముక్కకే అందరి స్క్రీన్లూ తిరుగుతాయి, రెండో ముక్కకి చూపు ఆనుతుంది, మూడో ముక్కకి ఎంతమందో తెలుస్తుంది. క్రియ అక్కర్లేదు. ఎనిమీ చెట్టు దగ్గర కూర్చున్నాడా నిలబడ్డాడా, చూస్తే వినేవాడికే తెలుస్తుంది.

అంకె అంటే బీజీఎంఐలో స్క్రీన్ పైన కనిపించే దిక్సూచి అంకె. తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. ‘లెఫ్ట్’, ‘రైట్’, ‘ఇటు’, ‘అటు’ అన్నవి పారేయండి. మీ లెఫ్ట్ నాకు లెఫ్ట్ కావాలంటే ఇద్దరం ఒకే వైపు చూస్తుండాలి, అది ఎప్పుడో గాని జరగదు. అంకెల్ని దగ్గరి పదికి సర్దేయండి, 163 అని చెప్పేంత తీరిక ఎవరికీ లేదు. ఇంగ్లిష్‌లో చెప్పేవాళ్ళు ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ దగ్గర జాగ్రత్త, చవక మైకులో రెండూ ఒకటే. ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అని విడగొట్టండి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని చిక్కొకటుంది. ఆ అంకె చెప్పేవాడు నిలబడ్డ చోటి నుంచి లెక్క. మీరిద్దరూ పక్కపక్కనే ఉంటే ఏ గొడవా లేదు. కానీ మీ ఇద్దరి మధ్య 50 మీటర్లు ఉండి, ఎనిమీ ఇద్దరికీ 50 మీటర్ల దూరంలోనే ఉంటే? మూడు భుజాలూ సమానమైన త్రిభుజం కాబట్టి మీ అంకెకీ మీవాడి అంకెకీ 60 డిగ్రీల తేడా వస్తుంది. మీరు 210 అంటే వాడు ఖాళీ పొలం చూస్తుంటాడు. అదే ఎనిమీ 300 మీటర్ల దూరంలో ఉంటే తేడా పది డిగ్రీల లోపే, ఏం పర్లేదు. అందుకని దూరం ఫైట్‌కి అంకె, దగ్గర ఫైట్‌కి గుర్తు. దగ్గరలో ఉన్నప్పుడు ‘రెండంతస్తుల ఇల్లు, మెట్ల కింద’ అనడమో, మ్యాప్ మీద మార్క్ కొట్టి ‘నా మార్క్’ అనడమో మేలు. మార్క్ కొట్టే వీలున్నప్పుడల్లా కొట్టండి. నోటితో ఐదు మాటలు పట్టేది వేలితో ఒక్క నొక్కుడులో అయిపోతుంది.

వాలరెంట్‌లో అంకెలు అక్కర్లేదు, చోట్లకి పేర్లున్నాయి. ‘బీ మెయిన్’, ‘మార్కెట్’, ‘హెవెన్’ లాంటివి. పేరు గుర్తు రాకపోతే పింగ్ (మ్యాప్ మీద మార్క్ లాంటిదే) కొట్టండి, తడుముకోవద్దు. అక్కడ ఇంకో విలువైన సమాచారం ఉంది, ఎంత డ్యామేజ్ ఇచ్చారన్నది. చచ్చిపోగానే కంబాట్ రిపోర్ట్‌లో కనిపిస్తుంది. పెద్ద షీల్డ్ (కవచం) కొనుక్కున్నవాడికి ప్రాణం, షీల్డ్ కలిపి మొత్తం 150 పాయింట్లు ఉంటాయి. ‘జెట్‌కి 120 కొట్టా’ (జెట్ అంటే ఆటలో ఒక పాత్ర) అన్నారంటే మీవాడు ఇంకొక్క బుల్లెట్ తగిలిస్తే చాలావరకు సరిపోతుందని అర్థం. ‘అబ్బా, జస్ట్ మిస్ రా’ అంటే ఏ అర్థమూ లేదు. చచ్చినవాడు చెప్పాల్సింది మూడు సెకన్లలో అయిపోవాలి: ఎక్కడ, ఎవరు, ఎంత మిగిలింది. తర్వాత మైక్ వదిలేయాలి.

ఈ చివరి ముక్క నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. వాలరెంట్‌లో అసెంట్ మ్యాప్, స్కోరు 12–11. మేం బీ సైట్‌లో స్పైక్ (బాంబు) పెట్టాం. నేనొక్కణ్ణే మిగిలాను, ఎదుటి వాళ్ళు ఇద్దరు. స్పైక్ పేలడానికి 45 సెకన్లు. ఎదుటివాళ్ళు దాన్ని డిఫ్యూజ్ (పేలకుండా ఆపడం) చేయడానికి 7 సెకన్లు, సగం అంటే మూడున్నర దాకా చేసి వదిలేస్తే ఆ సగం నిలిచి ఉంటుంది, మళ్ళీ వచ్చి మిగతా సగం చేసుకుంటే చాలు. బీ మెయిన్‌లో నక్కి కూర్చున్నాను. డిఫ్యూజ్ చప్పుడు మొదలైంది. ‘ఫేక్ రా ఫేక్’, అంటే డిఫ్యూజ్ చేస్తున్నట్టు నటనే అని ఒకడు. ‘పీక్ చెయ్యి, పీక్ చెయ్యి’, అంటే తొంగి చూడమని ఇంకొకడు. ‘అన్నా టైముంది, ఆగు’ అని మూడోవాడు. చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది. మొదటిసారి సగం దాటిందా లేదా, నాకు ఆ క్షణంలో కావల్సిన సమాచారం అదొక్కటే. నాలుగో కుర్రాడు చక్కగా లెక్కపెట్టి ‘సగం అయింది’ అని చెప్పాడట కూడా. ఆ గోలలో అది నా చెవిన పడలేదు. మార్కెట్ వైపు నుంచి రెండోవాడు నడిచొచ్చిన అడుగుల చప్పుడూ పడలేదు. ఫేకే అనుకుని కదలకుండా కూర్చున్నాను. వెనక నుంచి కాల్చేశాడు.

ఆ రోజు నుంచి మా దగ్గర కట్టుబాటు: ఒక్కడు మిగిలితే మిగతా అందరూ మూగనోము. టైమ్ గాని, ‘సగం’ అన్న మాట గాని చెప్పే హక్కు ఒక్కడికే, వాడెవడో మ్యాచ్ ముందే ఖాయం. ఆటలో చెవి కూడా ఒక ఆయుధమే. మీ మాట ఎంత మంచిదైనా ఎనిమీ అడుగుల చప్పుణ్ణి కప్పేస్తే అది ఎనిమీకి చేసిన సాయమే. సెట్టింగ్స్‌లో వాయిస్ సౌండ్‌ని ఆట సౌండ్ కంటే కాస్త తగ్గించి ఉంచండి. డిస్కార్డ్‌లో అయితే ఒక్కొక్కరి సౌండ్ విడివిడిగా తగ్గించుకోవచ్చు. మైకు మింగేలా మాట్లాడేవాణ్ణి తగ్గించి, గొణిగేవాణ్ణి పెంచండి. అందులోనే ఎవరైనా మాట్లాడగానే ఆట సౌండ్‌ని దానంతటదే తగ్గించే అటెన్యుయేషన్ అన్నదొకటి ఉంటుంది. దాన్ని సున్నాకి తెచ్చేయండి.

ఇక అరుపుల సంగతి. నలుగురూ ఒకేసారి ఎందుకు అరుస్తారంటే నలుగురూ నాయకులే కాబట్టి. ‘రష్ రా’, ‘వద్దు, తిరిగొద్దాం’, ‘స్మోక్ వెయ్’, ‘ముందు హీల్ చేసుకో’ అని తలా ఒక ఆర్డర్. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు. ఏం కనిపించిందో ఎవరైనా చెప్పొచ్చు, ఏం చేయాలో ఒక్కడే చెప్పాలి. ఆ ఒక్కణ్ణే ఐజీఎల్ (ఇన్ గేమ్ లీడర్) అంటారు. వాడు అందరికంటే బాగా ఆడేవాడు కానక్కర్లేదు. అసలు కాకపోవడమే నయం, బాగా గురి ఉన్నవాడికి కాల్చే పనుంటుంది. మ్యాప్ చూస్తూ ఉండే తత్వం ఉన్నవాణ్ణి, గొంతు మారకుండా మాట్లాడేవాణ్ణి పెట్టుకోండి. వాడి నిర్ణయం తప్పని మీకు తెలిసినా ఆ ఫైట్ వరకు వినేయండి. నలుగురూ కలిసి చేసిన తప్పు పని, ఇద్దరిద్దరు విడిపోయి చేసిన మంచి పని కంటే చాలాసార్లు బతికిస్తుంది. వాడు చెప్పింది వినపడగానే ‘ఓకే’ అని ఒక్క మాట బదులివ్వండి. క్రేన్ దగ్గర బదులు రాకపోతే లోడ్ కదలదు. అది ఇక్కడికీ పనికొచ్చే అలవాటు.

అలాగని ఆటంతా మిలిటరీ పరేడ్‌లా మార్చేయకండి. బీజీఎంఐలో దిగిన మొదటి నాలుగైదు నిమిషాలు లూట్ (తుపాకులు, సామాను) వేటే. అప్పుడు రామకృష్ణా బీచ్‌లో మురీ మిక్స్చర్ గురించి మాట్లాడుకోండి, ఇంటర్నల్స్ ఎలా రాశారో ఏడవండి, ఎవడి క్రష్ గురించైనా ఏడిపించండి. ఫ్రెండ్స్‌తో ఆడేది అందుకే కదా. జోన్ (ఆటలో చిన్నదవుతూ పోయే సురక్షిత వలయం) వైపు బయల్దేరాక ఐజీఎల్ మాట ఎక్కువ, మిగతావాళ్ళ మాట తక్కువ. మొదటి బుల్లెట్ పేలాక అంకె, గుర్తు, ఎందరు, అంతే. మావాళ్ళు కబుర్లలో ఉన్నప్పుడు బుల్లెట్ చప్పుడు వినిపిస్తే నేను ‘సైలెన్స్’ అంటాను. వాక్యం మధ్యలో ఉన్నా తెంపేయాలి. క్రష్ కథ మ్యాచ్ అయ్యాక.

తిట్ల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అక్కడే స్క్వాడ్‌లు విరిగిపోతాయి. మా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు, ఇంటర్ సెకండియర్. చూపు ఎలాంటిదంటే గడ్డిలో పడుకున్నవాణ్ణి కూడా పట్టేస్తాడు. కానీ నోరు విప్పడు. రెండు వారాలు ఆడాను, వాడి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఒకసారి వాడి స్క్రీన్ రికార్డింగ్ చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. నన్ను కాల్చినవాణ్ణి వాడు ఆరు సెకన్ల ముందే చూశాడు. మార్క్ కూడా కొట్టలేదు. ఏట్రా ఇది అని అడిగితే చాలాసేపటికి చెప్పాడు. అంతకుముందు వాళ్ళ పెద్దనాన్న కొడుకుతో ఆడేవాడట. ఏదైనా చెప్తే ‘నాకు కనబడుతోంది లేరా, నోర్ముయ్’, తప్పు చెప్తే ‘నీకు కళ్ళున్నాయా’. ఆరు నెలలు అలా నడిచాక వాడు నోరు విప్పడం మానేశాడు. అంత మంచి చూపుండీ ఎవరికీ అక్కరకు రాలేదు.

వాణ్ణి మాట్లాడించడానికి నేను చేసిందల్లా ఒకటే. వాడు ఏం చెప్పినా, తప్పయినా సరే, ‘ఓకే’ అనమని అందరికీ చెప్పాను. చెట్టుని చూసి ఎనిమీ అన్నా ‘ఓకే’. మొదటి వారం బోలెడు చెట్లని కాల్చాం, బుల్లెట్లు వేస్టు. నెల తిరిగేసరికి మా స్క్వాడ్‌లో ఎక్కువ మాట్లాడేది వాడే, ఇప్పుడు కాస్త తగ్గించమని బతిమాలుతున్నాం.

కాబట్టి ‘అక్కడికెందుకెళ్ళావ్ రా’ అన్న ప్రశ్న మ్యాచ్ నడుస్తుండగా అడగొద్దు. వెళ్ళిపోయాడు, చచ్చాడు, జవాబు వల్ల వాడు లేచి రాడు. మ్యాచ్ అయ్యాక, వీలైతే మర్నాడు టీ కొట్టు దగ్గర, వీడియో ముందు పెట్టుకుని మాట్లాడుకోండి. అప్పుడు తిట్టుకున్నా నవ్వొస్తుంది.

ర్యాండమ్ వాళ్ళతో (ఆటే జత చేసిన కొత్తవాళ్ళతో) ఆడాల్సి వస్తే మన పద్ధతులేవీ చెల్లవు. ఎదుటివాడు హిందీలో మాట్లాడొచ్చు, తమిళంలో మాట్లాడొచ్చు. వైజాగ్‌లో పెరిగిన మనకి ఇది కొత్తేం కాదు. నేవీ వాళ్ళ పిల్లలు, స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో ఒడియా, బెంగాలీ కుటుంబాలు, వీళ్ళ మధ్యే కదా క్రికెట్ ఆడాం. అంకెలు ఇంగ్లిష్‌లో, చోటు మార్క్‌తో, ‘ఆగే’, ‘పీఛే’, ‘రుకో’ అన్న మూడు మాటలతో చాలా దూరం వెళ్ళొచ్చు. మాట అస్సలు కుదరకపోతే పింగ్‌లతోనే ఆడేయండి. 2019లో ఏపెక్స్ లెజెండ్స్ వచ్చినప్పుడు అందరూ మెచ్చుకున్నది ఆ పింగ్ పద్ధతినే. ముక్కూ మొహం తెలియనివాళ్ళు నోరు తెరవకుండా ఆడేసుకునేవాళ్ళు. బూతులు మొదలైతే మాత్రం వాదన పెట్టుకోకండి, మ్యూట్ కొట్టండి, మ్యాచ్ అయ్యాక రిపోర్ట్ కొట్టండి.

అమ్మాయిలు చదువుతుంటే ఒక మాట. మా చెల్లెలు వాలరెంట్‌లో నాకంటే రెండు ర్యాంకులు పైన ఉంటుంది. ర్యాండమ్ టీమ్‌లో గొంతు వినపడగానే సగం మ్యాచ్‌లు చెడిపోతున్నాయని టీమ్ వాయిస్ ఆపేసి, తెలిసినవాళ్ళతో పార్టీ వాయిస్‌లోనే మాట్లాడుతుంది. మిగతావాళ్ళకి టైప్ చేస్తుంది, పింగ్ కొడుతుంది. నోరు మూసుకోవాల్సింది తను కాదు, నాకు తెలుసు. కానీ తన సాయంత్రం పాడవకుండా తను ఎంచుకున్న దారి అది. మీ టీమ్‌లో ఎవడైనా అలాంటి చెత్త వాగితే, ముందు మీలో ఒకరు ‘చాలు’ అనండి. నలుగురిలో ఒక్కడు అన్నా చాలాసార్లు ఆగుతుంది, నేను చూశాను.

సరే, సామాను సంగతి. మన ఊళ్ళో ఉక్కకి ఫ్యాన్ లేకుండా కూర్చోలేం. ఆ గాలి నేరుగా మైకుకి తగిలితే అవతలివాడికి తుఫాను హోరే. మైకు నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూల దగ్గర, రెండు వేళ్ళ ఎడంలో పెట్టండి. మీద చిన్న స్పాంజి తొడుగు వేస్తే చాలావరకు పోతుంది. ఇయర్‌ఫోన్ వైరుకుండే మైకు చొక్కా కాలరుకి రాసుకుంటే బరబర చప్పుడొస్తుంది, క్లిప్పుతో పట్టించండి. స్పీకర్ పెట్టి ఆడేవాడు ఒక్కడున్నా అందరి గొంతూ అందరికీ తిరిగొస్తుంది, వాడికి ఇయర్‌ఫోన్స్ మీరే కొనిపెట్టండి. డిస్కార్డ్‌లో మాట్లాడుతున్నప్పుడు ఆటలోని మైకు ఆపడం మరిచిపోవద్దు, లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు.

ఎన్ఏడీ కొత్తరోడ్డు వైపు ఉండే మావాడికి ఓపెన్ మైక్ అలవాటు. నేవీ విమానం పోతే మ్యాచ్ ఆగేది. దానికి తోడు వాళ్ళింట్లో కూర ఏం వండాలన్న దానిమీద జరిగిన గొడవ మేం నలుగురం మొత్తం విన్నాం, ఎవరి పక్షం వహించాలో తేల్చుకోలేక చచ్చిపోయాం కూడా. కంప్యూటర్ మీద ఆడేవాళ్ళు తప్పకుండా పుష్ టు టాక్ పెట్టుకోండి. వాలరెంట్‌లో టీమ్ వాయిస్‌కి మామూలుగా వచ్చేది ‘వీ’ కీ. దాన్ని నొక్కాలంటే చూపుడు వేలు ‘డీ’ మీద నుంచి తీయాలి, అంటే మాట్లాడుతున్నంతసేపూ కుడివైపుకి కదల్లేరు. మౌస్ పక్క బటన్‌కి మార్చుకోండి. ఫోన్ మీద ఆడేవాళ్ళకి అంత సుఖం లేదు కాబట్టి ఇంట్లో గోల ఉన్నప్పుడు మైకు ఆపి, అవసరానికే ఆన్ చేయడం అలవాటు చేసుకోవాలి.

బ్లూటూత్ బడ్స్ వద్దు. అందరూ చెప్పే ఆలస్యం ఒక్కటే కాదు కారణం. మైకు ఆన్ కాగానే చాలా బడ్స్ ఫోన్‌కాల్ పద్ధతికి మారిపోతాయి. అప్పుడు ఆట శబ్దం పీలగా, రెండు చెవుల్లోనూ ఒకేలా వస్తుంది. అడుగుల చప్పుడు ఎడమో కుడో తెలీదు. ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఉన్న రకాల్లో ఇది తగ్గింది, కానీ ఫోనూ బడ్సూ రెండూ దాన్ని సపోర్ట్ చేయాలి.

ఈ వారం పైసా ఖర్చు పెట్టకుండా ఒక పని చేయండి. ఒక్క మ్యాచ్, మైకులతో సహా స్క్రీన్ రికార్డ్ పెట్టి ఆడండి. మర్నాడు బొమ్మ చూడకుండా సౌండ్ మాత్రం వినండి. వినపడిన మాటల్ని బట్టి ఎనిమీ ఎక్కడున్నాడో కాగితం మీద గుర్తు పెట్టగలరా చూడండి. మేం మొదటిసారి చేసినప్పుడు ఒక్క గుర్తూ పెట్టలేకపోయాం. ‘రేయ్’ ఎన్నిసార్లన్నామో లెక్కపెడుతూ నలభై దాటాక ఆపేశాం. నెల తర్వాత మళ్ళీ అదే చేయండి. అప్పటికీ గొంతులు స్పష్టంగా లేవనిపిస్తే జగదాంబ వైపు వెళ్ళి ఒక మంచి వైరు హెడ్‌సెట్ తీసుకోండి. నలుగురికీ అక్కర్లేదు, ముందు మీ ఐజీఎల్‌కి ఒక్కడికి.